నూగుమీసాలు

అల్ ఐన్‌లో నాలుగు టైర్లకి పదకొండొందల దిర్హాములన్నాడు.
గేటు దాటి బురైమీకి వెళ్తే
డెబ్బై ఎనిమిది రియాళ్లట.
రియాలుకి తొమ్మిదిన్నర చొప్పున
ఐబ్రో పెన్సిల్‌తో టిష్యూ మీద గుణిస్తుంటే
రత్నకుమారి నా భుజం మీంచి వంగి
"మూడొందల యాభై తొమ్మిది మిగులు" అంది, నాకంటే ముందే.

మేమిద్దరం పార్లర్‌లో దారం మనుషులం.
పళ్ల మధ్య ఒక కొస, వేళ్ల మధ్య మిగతాది.
పొద్దున్నించి రాత్రి దాకా
ఈ ఊరి ఆడవాళ్ల కనుబొమలు మా చేతుల మీదుగా వంపు తిరుగుతాయి.
కారు మాత్రం నాదొక్కదానిదే.
పద్నాలుగేళ్ల సన్నీ. టైర్లు మొక్కు తీర్చుకున్న గుండ్లు.
తనిఖీలో వాటిని తడిమి, పో పొమ్మన్నాడు.

మేం వెళ్లేసరికి గేటు దగ్గర
ఎండ మాకంటే ముందు వరసలో నిలబడి ఉంది.
పాస్‌పోర్టు, కార్డు, బీమా కాగితం, మళ్లీ పాస్‌పోర్టు.
మనిషికి ముప్పై అయిదు.
బీమాకి తొంభై.
రత్నకుమారి నోరు తెరిస్తే లెక్కే వస్తుందని
ఏసీ పెంచాను.

దాద్ మహమ్మద్ అని, బలూచీ పెద్దాయన,
టైరు పక్క మీద వేలు పెట్టి నాలుగంకెలు చూపించాడు.
1421.
ఇరవై ఒకటో సంవత్సరం, పద్నాలుగో వారం.
రబ్బరుకి పుట్టినరోజు ఉంటుందని నాకు తెలీదు.
ఈ ఎండకి అయిదేళ్లే ఆయుష్షమ్మా అన్నాడు,
డెబ్బై ఎనిమిది వీటి ధర,
నిన్న మొన్న పుట్టినవైతే తొంభై.

పద్నాలుగో వారం.
ఆ వారం నేను మూడోసారి డ్రైవింగ్ టెస్టు తప్పాను.
రివర్సులో డ్రమ్ము తగిలింది.
పోలీసమ్మ పెన్నుకి మూత పెట్టిన చప్పుడు
ఇప్పటికీ గేరు మార్చినప్పుడల్లా వినబడుతుంది.
బస్టాపులో ఏడ్చి, మొహం కడుక్కుని,
రాజోలుకి ఫోన్ చేసి పాసయ్యానని చెప్పాను.
సరిగ్గా అప్పుడే ఎక్కడో ఒక అచ్చులో
ఈ రబ్బరు ఉడుకుతూ ఉందన్నమాట.

వద్దు, కొత్తవే వెయ్యమన్నాను.
రత్నకుమారి చూసిన చూపుకి
ఏ దేశపు డబ్బులోనూ వెల కట్టలేను.

పాతవి నాలుగూ గుట్ట మీదికి విసిరాడు.
ఒకదాని మీద నా పంక్చరు మచ్చ కనిపించింది.
గుర్తుపట్టినట్టు మొహం పెట్టలేదు.

కొత్తవాటికి ఒంటి నిండా నూగుమీసాలు.
అవి చూస్తే కస్టమ్స్‌లో పన్నడుగుతారని
రత్నకుమారికి ఎవరో చెప్పారట.
కంకర మీద తిప్పితే రాలిపోతాయట.
"కంకరెందుకే, మనం లేమూ?"

గాఫ్ చెట్టు పల్చటి నీడలో కారాపి
చెరో పక్కా కూర్చున్నాం.
దారం తెగింది. హ్యాండ్‌బ్యాగుల్లోంచి ప్లక్కర్లు తీశాం.
"కొంచెం చురుక్కుమంటుంది, కళ్లు మూసుకో"
పెళ్లికూతురికి చెప్పినట్టే చెప్పింది టైరుకి.
నవ్వలేక ఇసకలో కూలబడ్డాను.
మేకల ట్రక్కు ఒకటి ఆగింది. డ్రైవరు
"పంక్చరా?" అని హిందీలో అడిగి,
మా చేతుల్లో ఉన్నవి చూసి,
మారు మాట్లాడకుండా వెళ్లిపోయాడు.

గేటు దగ్గరున్నవాడు కుర్రాడు. వాడివీ నూగుమీసాలే.
టైర్ల వైపు చూడనేలేదు.
డిక్కీలో హల్వా డబ్బా చూసి
ఏ కొట్టులో కొన్నారనడిగాడు. అంతే.

రాత్రి అదే టిష్యూ మీద చివరి లెక్క.
గేటూ బీమా, పెట్రోలూ బిర్యానీ, హల్వా పోను
పదకొండు దిర్హాములు.
అవి కూడా రత్నకుమారికే ఇచ్చాను,
ప్లక్కరు వంగిపోయిందని గోల పెడుతుంటే.

పొద్దున్నే చూస్తే
కుడి ముందు టైరు లోపలి అంచున
మా ఇద్దరి చేతికీ అందని వెంట్రుక ఒకటి.
వంగాను. మళ్లీ లేచాను.
తొమ్మిదింటికి మొదటి కస్టమరు.
దాన్ని రోడ్డుకి వదిలేసి తాళం తిప్పాను.