చేప వాసన మాత్ర

డబ్బా మూత తీస్తే ఒకలాంటి నీచు వాసన.
పొద్దున్న ఎనిమిదికి కేజీహెచ్ డౌన్‌లో షట్టర్ ఎత్తగానే
సముద్రం నాకన్నా ముందే లోపలికొచ్చి కూర్చుందనుకుంటాను.
కాదు, మెట్‌ఫార్మిన్.

గోడ మీద లైసెన్సు ఓనరు కొడుకుది,
రోజంతా నిలబడే కాళ్ళు నావి.
అద్దాల అరలో కొత్త మందులు,
ఫ్రిజ్‌లో ఖరీదైన సూదులు.
దీనికి మాత్రం మర్యాద లేదు.
కౌంటరు కింద అట్టపెట్టెలో,
చూడకుండానే చెయ్యి వెళ్ళేచోట.

నూకరత్నం మొదటి బేరం.
ఫిషింగ్ హార్బర్‌లో వేలం ముగించి
గంప ఆటోలోనే వదిలి దిగుతుంది.
"ఇదేటి నాయినా, సుగరు మాత్రా, ఎండు నెత్తళ్ళా?"
ప్రతి నెలా అదే మాట, ప్రతి నెలా నేను నవ్వాలి.
నవ్వకపోతే పది రూపాయలు తగ్గించమంటుంది.

ఆమె చిల్లర లెక్కపెడుతుండగానే ఒకమ్మాయి,
మెడలో యూనివర్సిటీ కార్డు, చేతిలో నాలుగు మడతల చీటీ.
"నాకు సుగర్ లేదండీ.
డాక్టరమ్మ పొరపాటున రాశారేమో?"
పొరపాటు కాదమ్మా,
నెలసరి దారి తప్పినప్పుడూ ఇస్తారు దీన్ని,
అన్నం తిన్నాకే వేసుకో,
మొదటి వారం కడుపు గడబిడ చేస్తే ఆవిడకే చెప్పు.
"ఒలే గుంటా, నీకూ ఇదేనేటి!"
నూకరత్నం గొంతుకి వీధి సగం తిరిగి చూసింది.
సిగ్గుతో చచ్చి, తర్వాత ఫక్కున నవ్విందా పిల్ల.
ఇద్దరి చేతుల్లో ఒకే అట్ట,
మధ్యలో నలభై ఏళ్ళు.

మధ్యాహ్నం బేరాలుండవు.
అట్టల్లో చుట్టొచ్చిన పాత పేపరు విప్పి చదువుతాను.
ఎక్కడో చలిదేశపు కలుపుమొక్క నుంచి పుట్టిందట ఈ మందు.
ఇప్పుడు క్యాన్సరు మీద పరీక్షిస్తున్నారట,
ముసలితనం మీద కూడానట.
కొన్నిచోట్ల పనిచేయలేదని కింద చిన్న అక్షరాల్లో.
ఎవరి సొంతమూ కాదు కాబట్టి
దీని మీద డబ్బు పెట్టేవాడు దొరకడట.
ఆ ముక్క నాకు వెంటనే అర్థమైంది.
చిట్టివలసలో గోనెలు కుట్టిన చేతులివి,
మిల్లు మూతపడ్డాక మాత్రల అట్టలు కత్తిరిస్తున్నాయి.
పనికొస్తానో లేదో నన్నెవరూ పరీక్షించలేదు,
ఖాళీగా కనబడ్డాను, పిలిచారు.

ఎరకయ్య చీకటి పడ్డాక వచ్చాడు.
నాతోపాటు గోనె దుమ్ము మింగినవాడు,
తర్వాత పోర్టులో బొగ్గు కూడా మింగాడు.
టీబీ ఇది రెండోసారి.
పెదవాల్తేరు ఛాతీ ఆస్పత్రిలో
మామూలు మందులతోపాటు ఇంకో మాత్ర ఇస్తున్నారు.
సగంమందికి అసలుది, సగంమందికి ఉత్త పిండి.
ఎవరికేదో ఇచ్చే డాక్టరుకీ తెలీదు.
సంతకం పెట్టించుకునేముందు అన్నీ చెప్పారు,
అయినా మనిషి కదా.

జేబులోంచి కాగితం పొట్లం తీసి
కౌంటరు మీద పెట్టాడు.
"రోజూ పట్టుకునే చెయ్యి నీది.
వాసన చూసి చెప్పరా,
మందా, పిండా?"

ముక్కు దగ్గరికి తెచ్చాను.
బయట అంబులెన్సు ఒకటి గేరు మార్చి ఎత్తెక్కింది.
వాడు దగ్గు ఆపుకుని నా మొహమే చూస్తున్నాడు.

తెలిసింది.

జలుబురా, ఏమీ తెలీడం లేదన్నాను.
పొట్లం మళ్ళీ మడిచి వాడి జేబులో నేనే పెట్టాను.
ఈ పూటది ఎగ్గొట్టకు, ఇంటికెళ్ళి తిని వేసుకో,
లెక్క తప్పితే నీ ఒక్కడికే కాదు నష్టం అన్నాను.
కాసేపు నిలబడి
"నీకు జలుబెప్పుడు చేసింది?" అని వెళ్ళిపోయాడు.

షట్టర్ దించి కుళాయి దగ్గర రెండుసార్లు సబ్బు రాశాను.
వేళ్ళకి వాసన పోలేదు.
నిమ్మచెక్క రుద్దాలంటుంది నూకరత్నం.
రేపు ఒకటి తెచ్చుకోవాలి.