బతికున్న మనిషి

తొమ్మిదేళ్ల నాటకాల్లో
నాకు దక్కింది ఒకటే మాట:
"గుర్రాలొచ్చాయి, దొరా!"
అది చెప్పి కుడివైపు తెర వెనక్కి తప్పుకోవడం.
ఆ మూడు క్షణాల కోసం
రోజూ గంటసేపు మొహానికి రంగు.

ఇప్పుడు కన్సెప్సియోన్ ఊరి చివర
ఫైరింజన్ల వాళ్ల మైదానంలో
పగలగొట్టిన గోడల కింద, సిమెంటు గొట్టంలో
మోకాళ్లు గడ్డానికి ఆనించి పడుకోవడం నా పని.
కుక్కలు వెతుకుతాయి. నేను దొరకాలి.
పూటకింత అని ఇస్తారు. బస్సు ఖర్చు మనదే.

మొదటిరోజు బాగా మూలిగాను,
పొట్ట అడుగునుంచి తోడి తీసిన మూలుగు.
ఓర్ఫెలీనా పైనుంచి గొట్టం మీద కొట్టి
"అమ్మా ఇస్మేనియా, కుక్క టికెట్టు కొనుక్కుని రాలేదు.
నోరు మూసుకో. ఊరికే బతికుండు, చాలు" అంది.

ఊరికే బతికుండటం!
ఏ గురువూ నేర్పలేదే అది.

పక్క గొట్టంలో ఎలెయుతేరియో,
మూతబడ్డ సర్కస్‌లో బఫూను.
టీ వేళకి బయటికి పాకి వచ్చి
తనని వద్దన్న కంపెనీలు లెక్కపెడతాడు,
వేళ్లు చాలక నా వేళ్లు అరువడుగుతాడు.
నావి అప్పటికే నిండుకున్నాయి.

మెల్లగా తెలిసింది,
భయానికొక వాసన, విసుగుకొక వాసన ఉంటాయని.
దొరికిన క్షణాన మాత్రం పండగ చెయ్యాలి.
గుడ్డబంతి పట్టుకుని గుంజులాడాలి,
నా బంగారం, నా నాయన అనాలి.
ఆ సంతోషం అరువుదైతే
తిసోన్ బంతి వదిలేసి పోతాడు.
తిసోన్ అంటే కొరివికట్టె. నల్లటివాడు.
ఇరవైసార్లు వదిలేసి పోయాడు.
ఇరవై ఒకటోసారి ఎందుకు ఉండిపోయాడో
ఇప్పటికీ నాకు తెలీదు.

జూన్ వానలకి కొండ జారింది.
మూడు రోజులు వాడు వెతికాడు.
వాడు మొరిగినచోటల్లా తవ్వారు.
ఒక్కరూ లేచి బంతి పట్టుకోలేదు.
నాలుగోనాడు లారీ కిందికి దూరి
మాంసం ముట్టలేదు, పిలిస్తే రాలేదు.
రాత్రి పదకొండింటికి ఫోను:
"వాడికి ఒక్కరైనా బతికి దొరకాలి. వస్తావా?"

వెళ్లాను. నిజం బురద. నిజం గోడ.
ఎవరిదో వంటగది, మేకుకి ఇంకా
వేలాడుతున్న గరిటె.
అడుగు పడలేదు నాకు.
ఓర్ఫెలీనా నా మొహం చూసి
"ఈ ఇంటివాళ్లు బయటపడ్డారులే" అంది.

పడుకున్నాను.
ఊపిరి బిగబట్టలేదు, వదిలాను,
వెళ్లి వాణ్ణి పిలుచుకు రమ్మని.
చాలాసేపు ఏమీ లేదు.
మెడ మీద నీటిచుక్కలు,
దూరంగా జనరేటరు రొద.
అప్పుడు తడిముక్కు. ఒక్క మొరుగు.
అది మొరుగో ఏడుపో.

లేచాను. బంతి అందుకున్నాను.
బంగారం రాలేదు, నాయన రాలేదు,
గొంతులో ఉన్నది ఒకటే వచ్చింది:
"గుర్రాలొచ్చాయి, దొరా!"
వాడి తోక నా కళ్లనిండా బురద చిమ్మింది.
వాడు నీళ్లు తాగి
మళ్లీ కొండెక్కాడు.

రసీదులో పని అన్న గడిలో రాశారు:
బతికున్న మనిషి, ఒకరు. సగం పూట.
బస్సు ఖర్చు అడిగాను.
ఈసారీ ఇవ్వలేదు.