గురువారం తూకం

బడి వరండాలో తూకం మిషను పెట్టి
ఒక్కొక్కరినే ఎక్కిస్తున్నాను.
పందొమ్మిదింబావు.
పోయిన్నెల ఇరవై ఒకటి.
పేరు? రంగనాయకులు.
తాత పేరు పెట్టారు. నాయన పటాలంలో నాయక్.
"ఒకే ఇంట్లో ఇద్దరు నాయకులు సిస్టరమ్మా" అని టీచరు నవ్వింది.
వాడు నవ్వలేదు.

కడుపునొప్పంట.
నులిపురుగుల మాత్ర అయింది.
గిద్దలూరులో స్కానింగ్ అయింది.
ఒంగోలు డాక్టరు పొట్టంతా నొక్కి చూసి
ఏమీ లేదమ్మా, బాగా తినమనండి అన్నాడు.
మా ఊరి నీళ్ళు పళ్ళకు గార పట్టిస్తాయి, మోకాళ్ళు వంచుతాయి.
ఈ నొప్పి మాత్రం నీళ్ళది కాదు.

సాయంత్రం వాళ్ళ వీధికి పోయాను.
గడపగడపకూ ఒక ఫొటో, ఫొటోలో టోపీ.
ఇంటికొకడు మిలిటరీలో ఉన్నాడని
బస్సులో పక్కవాళ్ళకు కూడా చెప్పుకుంటాం.
వాడి వెనక ఇంట్లో ఎందరున్నారో
లెక్క రాసినవాళ్ళు లేరు.

ఆదిలక్ష్మి మంచినీళ్ళు ఇచ్చి
"వాడి ముందర నేను ఏడవను సిస్టరమ్మా" అంది.
వాడు గేటుదాకా నాతో వచ్చి
మెల్లగా చెప్పాడు:
"రాత్రిపూట మిక్సీ వేస్తది.
పొద్దున చూస్తే పచ్చడి ఉండదు."

దిండు కింద ఫోను పెట్టుకుని పడుకుంటాడంట.
పైన మంచులో సిగ్నలుండదని
నాయన ముందే చెప్పి పోయాడు, నలభై రోజులు.
వేళ్ళ మీద లెక్కపెడుతుంటే నడిమధ్యలో నిద్రొచ్చి
మళ్ళీ ఒకటి నుంచి.

నా రిజిస్టరులో ఎత్తుకు గడి ఉంది,
బరువుకు, రక్తానికి, కంటిచూపుకు ఉంది.
దీనికి లేదు.
అంచున పెన్సిలుతో రాశాను:
మిక్సీ.

రిటైరైన సుబేదారు మస్తాన్ సాయిబుకు చెప్పాను.
మరుసటి రోజే బడికొచ్చాడు.
మోకాలు పట్టుకుని, రెండు విడతలుగా వంగి
వాడి పక్కన మెట్టు మీద కూర్చున్నాడు.
చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.
తర్వాత, గాలితో చెప్పినట్టు,
"నాకూ వచ్చేదిరా, పోస్టులో ఉన్నప్పుడు.
రాత్రంతా కడుపులో మెలి."

"నీకేం మాత్ర ఇచ్చారు తాతా?"

"ఏమీ ఇవ్వలా.
పక్కనోడు జరిగి చోటిచ్చాడు."

మెట్టు మీద వాడు
కొంచెం జరిగాడు.

మళ్ళీ గురువారం.
గులాబీరంగు ఐరన్ మాత్ర మింగి
మొహం చిట్లించి మిషనెక్కాడు.
రెండొందల గ్రాములు ఎక్కువ.
జేబులో బలపాలున్నాయేమో.
తీసి చూపించమనలేదు.
రాసుకున్నాను.