సహజంగా చల్లారనిచ్చాం

మార్చి నెలాఖరు. ఫారం నింపాలి.
మొత్తం పత్రాలు: అరవై ఒకటి.
సైటేషన్లు: రెండువేల మూడువందల పైచిలుకు.
హెచ్-ఇండెక్స్ గడి దగ్గర కలం ఆగింది.
కిటికీ చువ్వల మీద పోర్టు బొగ్గుపొడి తుడుస్తూ
"ఏటమ్మా అది?" అన్నాడు ఎల్లాజీ.

జాలరిపేట మనిషి కదా, చేపల్లో చెప్పాను.
"ఒక్కో పత్రం ఒక్కో గంపనుకో.
దాన్ని తలచినవాళ్లు ఒక్కొక్కరూ ఒక చేప.
ఇరవై రెండు చేపలకి తగ్గని గంపలు
నా దగ్గర ఇరవై రెండున్నాయి. అంతే లెక్క."
గుడ్డ పిండి, మళ్లీ పిండి,
"మరి కాళీ గంపలు మోసినోళ్లకి కూలేటి?" అన్నాడు.

జవాబు తోచక
అన్నిటికంటే పెద్ద గంపవైపు చూశాను.
ఆరువందల నలభై చేపలు.

భీమిలి దారిలో నల్ల ఇసుక.
బస్సులో సంచి ఒళ్లో పెట్టుకుని తెచ్చి
అయస్కాంతంతో ఏరి, ఆమ్లంలో ఉడికించి, కడిగి, కడిగి
తెల్లపొడి చేశాం.
చిటికెడు వేసి ఎండలో పెడితే
అద్దకం నీళ్లలోని నీలాన్ని
గంటలో తాగేసి కూర్చునేది.

మళ్లీ ఎక్కడా పుట్టలేదు ఆ పొడి.
సియోల్ వాళ్లు రాశారు: మాకు రాలేదు.
జర్మనీ నుంచి ఒకాయన మర్యాదగా:
మూడుసార్లు చేశాం, మీ కొలిమి ఏ కంపెనీది?
ఆ ఆరువందల నలభైలో సగం వాక్యాలు
"వీరు చెప్పినదానికి భిన్నంగా" అనే మొదలవుతాయి.
తిట్టడానికి పేరెత్తినా
గంపలో అదీ ఒక చేపే.

పద్ధతి అన్న భాగంలో నాలుగో వాక్యం:
"ఐదువందల డిగ్రీల వద్ద ఉంచి, సహజంగా చల్లారనిచ్చాం."

సహజంగా.
ఆ ఒక్క మాటలో హుద్‌హుద్ దాక్కుంది.

శనివారం రాత్రి కొలిమిలో మూస పెట్టి ఇళ్లకెళ్లాం.
ఆదివారం పొద్దున్నే కరెంటు పోయింది,
మధ్యాహ్నానికి ఊళ్లో నీడ పోయింది.
గాలి మా అద్దాలు పగలగొట్టుకుని
సముద్రాన్ని రెండో అంతస్తు ఎక్కించింది.
ఐదోరోజున, పడిన చెట్ల మీంచి దాటుకుంటూ
ఎల్లాజీ వచ్చి కొలిమి తలుపు తీశాడు.
(అతని రేకులిల్లు అప్పటికి రేకుల్లేని ఇల్లు.)
బీకర్ల మీద ఉప్పు. హాజరు పట్టీ మీద ఉప్పు.
మూసలో మాత్రం పొడి,
వరిపిండంత మెత్తగా.
"పారబొయ్యనా?"
"ఉంచు" అన్నాను.
నిజంగా నేను చేసిన పరిశోధన
ఆ ఒక్క మాట.

అచ్చుకి ముందు సమీక్షకుడు అడిగాడు:
ఇందులో సోడియం ఎక్కణ్నుంచి వచ్చింది?
మలినం, అని జవాబిచ్చాను.
బంగాళాఖాతాన్ని
మలినం అన్నాను.

ఇంకేమని రాయను?
కావలసిన సామగ్రి: కొలిమి ఒకటి, సముద్రం ఒకటి,
పగలడానికి సిద్ధంగా ఉన్న కిటికీ అని రాస్తే
అచ్చేస్తారా?
తరవాత నేనూ చేశాను. ఉప్పునీళ్లు చిలకరించి,
ఫ్యాన్లు పెట్టి, దొంగతనంగా, సెలవురోజుల్లో.
రాలేదు.
ఎక్కడో కుర్ర పరిశోధకులు
తమ చేతుల్నే అనుమానించుకుంటూ
ఎన్ని రాత్రులు కొలిముల ముందు గడిపారో,
ఏ గడిలో వేయను ఆ అంకె?

ఫారం పక్కకి జరిపాను.
కొత్త కాగితం మీద "నాలుగో వాక్యానికి సవరణ" అని రాసి
ఆపై ఏం రాయాలో తెలియక
"ఎల్లాజీ, ఆరోజు ఎన్ని అద్దాలు పగిలాయి?" అన్నాను.

తల తిప్పకుండానే చెప్పాడు,
పదేళ్లుగా ఎవరో అడుగుతారని ఉంచుకున్నట్టు:
"తొమ్మిదమ్మా. తూరుపేపు ఆరు, మెట్లకాడ మూడు.
పదోది అంతకుముందే నేదు కదేటి,
అట్ట కట్టేం."

అట్ట.
అదీ రాసుకున్నాను.