తారస్థాయి

లైలాక్ పొద కనిపిస్తే అక్కడ ఇల్లుండేదని అర్థం.
అడవి తనంతట తాను లైలాక్ నాటుకోదు.
డెల్ఫీన్ ఈ మాట ప్రతి మే నెలలోనూ చెబుతుంది,
ప్రతి మే నెలలోనూ మేం కొత్తగా విన్నట్టు తలాడిస్తాం.

టిబెట్స్ గారి పొలం వెనక, రాతి గోడ దాటాక,
నేల కుంగిన చోట నలుచదరపు గుంట.
నేలమాళిగ. ఇంట్లో మిగిలింది అదొక్కటే.
దాని నడుమ ఒక బర్చ్ చెట్టు,
ఎవరూ కూర్చోమనక నిలబడే ఉన్న చుట్టంలా.

"తవ్విన ప్రతి గుంటా పూడ్చాలి.
నా గుర్రం కాలు విరిగిందో, మీ కాళ్ళు విరగ్గొడతా."
ఆవిడ షరతు అంతే. కాగితాల్లేవు, సంతకాల్లేవు.
థర్లో మేపుల్ సిరప్ సీసా ఒకటి గుమ్మంలో పెట్టి వచ్చాడు.

ఇనుము మంద్రంలో గొణుగుతుంది
నిద్రలో లేపితే విసుక్కునే ముసలాయనలా.
సీసం, రాగి మధ్యస్థాయిలో ఏదో సర్దిచెబుతాయి.
వెండిది మాత్రం తారస్థాయి.
సన్నగా, తేటగా,
ఒక్క పిట్ట ఒక్కసారి అరిచి ఊరుకున్నట్టు.

పొద్దున్నంతా మేకులే.
థర్లోకి ఎద్దు నాడా దొరికింది, సగం.
ఎద్దు గిట్ట రెండు చీలికలు కదా, నాడా కూడా రెండు ముక్కలేనట.
రెండో ముక్క కోసం గంట సేపు తిరిగాడు
ఆ ఎద్దు ఇంకా ఎక్కడో కుంటుతున్నట్టు.
నాకు బొత్తాలు మూడు, బీరు డబ్బా మూత ఒకటి.
నల్ల ఈగలకి మాత్రం
మేం నలుగురం సమానంగా దొరికాం.

ఆరిన్ సంగతి చెప్పాలి.
నలభై ఏళ్ళు కాగితం మిల్లులో, రోలర్ల పక్కన,
చెవుల్లో దూదైనా లేకుండా.
వినికిడి పైనుంచి రాలడం మొదలెట్టింది.
ముందు కీచురాళ్ళు పోయాయి, తర్వాత కెటిల్ ఈల,
ఆ తర్వాత మనవరాలి మాటల్లో 'స'లు.
పోయిన ఆకురాలు కాలంలో
వెండి మీదుగా నడిచి వెళ్ళిపోయాడు. రెండుసార్లు.
మేం ముగ్గురం చూశాం. నోరు మెదపలేదు.

ఈ ఏడు డెల్ఫీన్ తన యంత్రం తేలేదు.
భుజం నొప్పంది.
"నీ వెనక నడుస్తాను, తవ్వడం నా పని. ఆ హెడ్‌ఫోన్లు పీకెయ్యి,
ఈ ఉక్కలో చెవులకి గొళ్ళెమెందుకు?"

ఆయన ముందు, వాకిలి ఊడ్చినట్టు యంత్రం ఆడిస్తూ.
ఆమె రెండడుగుల వెనక, తల ఒక పక్కకి వంచి.
పిట్ట అరిచినప్పుడల్లా
"ఆరిన్, నీ బూటు లేసు చూసుకో."
ఆయన ఆగి, వంగుతాడు. లేసు బాగానే ఉంటుంది.
లేచేసరికి ఆమె అక్కడ పార దించేసి ఉంటుంది.

మధ్యాహ్నానికి ఆ లేసు నాలుగుసార్లు ఊడింది.

నాలుగోసారి, లైలాక్ వేళ్ళ కింద, జానెడు లోతున
మట్టి ముద్ద.
వెండి కాదు. రుద్దితే ఇత్తడి.
మంచుబండి లాగే గుర్రం మెడ గంట, నిమ్మకాయంత.
డెల్ఫీన్ సీసాలో నీళ్ళన్నీ దాని మీదే పోసి
అగ్గిపుల్లతో చీలికలో మట్టి కెలికింది.
ఊపింది.
మోగింది.

ఏ కాలందో చెప్పబోయిన థర్లో
మాట మింగి టోపీ తీశాడు.

ఆరిన్ గంట కేసి చూడలేదు. మా మొహాలు చూశాడు.
"మోగిందా?"

మాలో ఎవరికీ అబద్ధం చేతికందలేదు.
డెల్ఫీన్ గంటని ఆయన అరచేతిలో పెట్టింది.
ఆయన దాన్ని దవడ ఎముకకి ఆనించి ఊపాడు.
మిల్లులో బేరింగు జబ్బు ఇలాగే పట్టేవాణ్ణి,
స్క్రూడ్రైవరు పళ్ళ మధ్య పెట్టి, అన్నాడు.
"ఉంది. లోపల గుండు తిరుగుతోంది."
కాసేపాగి,
"లేసు సంగతి రెండోసారికే తెలిసిందిలే."

డెల్ఫీన్ ఈగల్ని తోలుకుంది,
ఈగలు లేని వైపు.

సాయంత్రం గుంటలన్నీ పూడ్చాం.
పచ్చిక బిళ్ళల్ని తిరిగి పరిచి, మడమలతో తొక్కి.
రెండో నాడా దొరకలేదు.
ట్రక్కు దాకా నడక. ఆయన కోటు జేబులో గంట
అడుగడుక్కీ మోగుతూనే ఉంది, మేం వింటూనే ఉన్నాం,
ఎవరం చెప్పలేదు.

గోడవతల మేస్తున్న టిబెట్స్ గారి గుర్రం
ఉన్నట్టుండి తలెత్తింది. చెవులు రెండూ మావైపు నిక్కించింది.

ఆరిన్ ఆగి దాన్నే చూశాడు.
"ఓహో," అన్నాడు, జేబు తడుముకుంటూ,
"ఇప్పుడు కూడా మోగుతోందన్నమాట."