జామీను గడువు

ఇనప బీరువా రెండో అరలో
కలరా ఉండల వాసన మధ్య
ఒక కాగితం నిద్రపోయింది.
దాన్ని లేపాల్సింది నేను.

గుణుపురం డివిజన్ ఆఫీసులో
ఇరవై రెండేళ్ల గుమాస్తాని.
నోటు ఒడియాలో రాస్తాను,
తిట్టుకోవడం తెలుగులో.
జామీను అన్న మాట మాత్రం
రెండింట్లోనూ ఒకటే.
రెండింట్లోనూ అది
మార్చి ముప్పై ఒకటినే చచ్చిపోయింది.

వంతెన చావడానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది.

బొడ్డగూడ గెడ్డ పెద్దదేం కాదు,
ఎండాకాలం మేకలు దాటితే
డెక్కలు కూడా తడవవు.
శ్రావణంలో ఒక రాత్రి కొండ మీంచి ఎర్రగా దిగి
మూడు ఖానాల్లో నడిమిదాన్ని
పుచ్చు పన్నులా పీకేసింది.
పొద్దున్నే వెళ్లాం.
జేఈ గారు విరిగిన కాంక్రీటుని వేళ్లతో నలిపితే
సున్నుండలా రాలింది.
ఆయన చెయ్యి జేబురుమాలుకి తుడుచుకుని
ఏమీ అనలేదు.

అవతలి గట్టున సుకాంతి గొమాంగో,
నెత్తి మీద వెదురు కొమ్ముల బుట్ట.
ఆవేళ సంత.
"బాబూ, కట్టినోడు ఏడీ?" అని కేకేసింది,
సవర యాస కలిసిన తెలుగులో.
ఫైలు నంబరు నోటికొచ్చింది, జవాబు రాలేదు.

కట్టినవాడు లోకనాథం.
బిల్లు ఆఖరి రూపాయి దాకా తీసుకున్నాడు.
మూడేళ్లు మరమ్మతు నాదే అని సంతకం పెట్టి
జామీను ఏడాదికే ఇచ్చాడు.
ఆ లెక్క నేను చూశాను.
దాని కింద నా పొడి అక్షరాలున్నాయి.
ఇప్పుడతని ఫోను మోగదు.
బరంపురంలో బావమరిది పేరు మీద
కొత్త బోర్డు లేచింది.
బ్యాంకు మర్యాదగా రాసింది:
గడువు దాటినందున చింతిస్తున్నాము.

చింతించడానికి దాని సొమ్మేం పోయింది?
కొత్త అంచనా కోటీ నలభై.
మా ఆవిడ కొన్న అగ్గిపెట్టెలోంచి,
సుకాంతి సబ్బుబిళ్లలోంచి వస్తుంది అది,
పైసా పైసా, చప్పుడు లేకుండా.
ఒకే వంతెనని రెండుసార్లు కొంటున్నాం,
రెండో వానాకాలం దాటకుండానే.

మా వీధిలో బురిడి అప్పలనరసమ్మ
కుట్టుమిషనుకి పన్నెండు వేలు అడిగితే
పదిమంది ఆడవాళ్లు జామీను నిలబడ్డారు.
ఒక్క కిస్తీ తప్పిందని
పదిమందీ వచ్చి గుమ్మంలో కూర్చున్నారు.
ముక్కుపుడక తాకట్టుకి వెళ్లింది.
ఆ జామీనుకి గడువు లేదు.
పన్నెండు వేలకి పది గొంతులు,
కోటి రూపాయలకి
ఒక్క రబ్బరు ముద్ర.

నిన్న రాత్రి కరెంటు పోయాక
సెల్లు వెలుతురులో నోటు రాశాను:
పనికి పూచీ ఎన్నాళ్లో జామీనూ అన్నాళ్లు,
పైన ఒక వానాకాలం కొసరు.
గడువుకి రెండు నెలల ముందే
బ్యాంకు మమ్మల్ని లేపాలి.
మేం లేవకపోతే సొమ్ము
ఖజానాలో పడాలి.
జామీను వదిలే సంతకాలు వంతెన మీదే జరగాలి,
దాటేవాళ్లలో ఒకరి వేలిముద్రతో.
పేరు మార్చుకున్న కంపెనీ వెనకాలే
పాత బాకీ కూడా నడిచి రావాలి.

పెద్దసారు చదివి కళ్లజోడు తీశారు.
"బాగుంది గానీ,
ఇలాగైతే టెండరు ఎవడేస్తాడయ్యా?"
"కట్టేవాడు వేస్తాడు సార్."
నవ్వారు. 'చర్చించాలి' అని రాశారు.
చర్చించాల్సిన ఫైళ్లకి మా దగ్గర
వేరే గది ఉంది, కిటికీ లేనిది.

ఈలోగా బీరువాలో మిగిలిన
నలభై ఒక్క కాగితాల్నీ లేపాను.
ఇంటి క్యాలెండరు మీద, పాల లెక్క పక్కన,
ఎర్ర సిరాతో తేదీలు:
సెప్టెంబరు పద్దెనిమిది, గుడారి రోడ్డు.
డిసెంబరు రెండు, హాస్టలు పైకప్పు.
"ఎవరి పెళ్లిళ్లండీ ఇవన్నీ?" అంది మా ఆవిడ.

ఆదివారం బొడ్డగూడ వెళ్లాను.
విరిగిన ఖానాకి అడ్డంగా
రెండు వెదుళ్లు కట్టి దాటుతున్నారు.
దీనికి జామీను ఎవరు, అని అడిగాను సుకాంతిని.
ఎగతాళి అనుకుందేమో, కాసేపు చూసింది.
తర్వాత గెడ్డలోకి వేలు చూపించింది.
నడుం లోతు నీళ్లలో ఆమె మరిది
వెదురు మొదలు భుజాన మోస్తూ
నిలబడి ఉన్నాడు.