జానెడు దూరం

మత్తికెరెలో మా గోడబీరువా
పేరుకే నాది.
లోపల వేలాడేవన్నీ ఊళ్లోవాళ్ల జాకెట్లు,
హుక్కులు కుట్టాల్సినవి, చంకలు వదులు చెయ్యాల్సినవి,
బుధవారం ఇస్తానని శుక్రవారానికీ ఇవ్వనివి.

పాత అద్దెవాళ్లు వదిలిపోయిన బల్బొకటి ఉండేది పైన,
గుండు బల్బు, అరవై వాట్లు, తొడుగు లేదు.
దాని పసుపు వెలుగులో నలుపూ నేవీబ్లూ కవలపిల్లలు.
ఆర్పడం మర్చిపోయి పడుకున్న రాత్రి
ఇస్త్రీ వాసన వచ్చింది.
ఇస్త్రీపెట్టె చల్లగా ఉంది.

తలుపు తీస్తే
పై అరలో కుక్కిన పట్టు జాకెట్టు చేతిమీద
రూపాయి బిళ్లంత గోధుమరంగు.
నిప్పు వచ్చి
అడ్రసు రాసుకుని వెళ్లినట్టు.

కెంపయ్య స్టూలెక్కి హోల్డరు ఊడబీకాడు.
వేలాడే వైరు వద్దు, బోడి బల్బు వద్దు,
మూత ఉన్న ఎల్‌ఈడీ కొనుక్కురా,
తలుపు పైన లోపలిగోడకు బిగిస్తా,
గుడ్డకీ దీపానికీ మధ్య జానెడు ఖాళీ ఉండాలి, అన్నాడు.
"ఎవరి జానెడు?"
నా చెయ్యి చూసి, తన చెయ్యి చూసుకుని
"నాది" అన్నాడు.

ఎస్పీ రోడ్డులో మూడో కొట్టు.
"బిసి ఆగల్లమ్మా" అన్నాడు కుర్రాడు, వెలిగించి చూపిస్తూ.
నేను మాట నమ్మే మనిషిని కాను.
మూతమీద అరచెయ్యి ఆనించి
మనసులో హుక్కులు కుట్టడం మొదలుపెట్టాను.
ఆరు హుక్కులు, ఆరు కాజాలు, దారం తెంపడం.
వెనక వైరు చుట్టలు మోస్తున్నవాళ్లు
దారిమ్మని అరుస్తున్నారు.
చెయ్యి గోరువెచ్చనైనా కాలేదు.
రెండొందల డెబ్భై. బేరం సంగతే మర్చిపోయాను.

ఇప్పుడు తలుపు తీస్తే అదే వెలుగుతుంది,
వేస్తే అదే ఆరుతుంది.
పై అర ఖాళీ చేసేశాను.
నలుపు నలుపే. నేవీబ్లూ నేవీబ్లూయే.

నిన్న ఇందుమతి ఆ జాకెట్టే మళ్లీ తెచ్చింది,
పాప పుట్టాక పట్టడం లేదట.
అప్పుడు మచ్చమీద మామిడిపిందె బుటా కుట్టి
"ఊరికే వేశానులే, ఫ్యాషన్" అంటే
మురిసిపోయి ఇరవై ఎక్కువిచ్చింది.
తెల్లటి వెలుగులో
పిందె అంచు దాటి, గోరంత,
గోధుమరంగు తొంగిచూస్తోంది.

ఇంకో పిందె కుట్టొచ్చు. దారం ఉంది.
తలుపు వేస్తే దీపం ఆరిపోతుంది కూడా.

తెరిచే ఉంచి
ఫోన్ ఎక్కడ పెట్టానో
వెతుక్కుంటున్నాను.